మా ఊరి గ్రూపును విడిపించిన వైనం

ఒక ఊరిని ఒంటిచేత్తో విముక్తం చేసి, అదే ఊపులో ఆ ఊరి పత్తినంతా వానలో నిలబెట్టిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే బెంగపడకండి, అది నేనే.

రెండేళ్ళ కిందట హసన్‌పర్తిలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. మా ఊరు కేసముద్రం దగ్గర. ఊరందరికీ ఫోన్లలో ఒకే గ్రూపు ఉండేది. కేసముద్రం మార్కెట్ యార్డులో పనిచేసే మా ఊరి సమ్మన్న ‘రేపు యార్డు బంద్’ అని అందులో పెడితే, ఎవరూ పత్తి లోడు ఎత్తేవారు కాదు. అంత సజావుగా సాగుతున్న పని చూసి నాకు ఒళ్ళు మండింది. ఊరి మాటలన్నీ ఒకే కంపెనీ గుప్పిట్లో ఉండడమేమిటి? మెసేజులు మోసే కంప్యూటరును, అంటే సర్వరును, ఎవరిది వాళ్ళు నడుపుకుంటే, ఆ సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కొత్త నెట్‌వర్క్ ఉందని చదివాను. ఊరిని అందులోకి మార్చి తీరాలని పట్టుబట్టాను.

మా చిన్నాయిన ఒక్కడే అనుమానపడ్డాడు. ఆయన ఇంట్లో మొదటి ఏరుడు పత్తి ఉంది. అది తడిస్తే కొనే నాథుడుండడు, ఆ ఏడు సేద్యమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

“యార్డు ముచ్చట టైముకు తెలుస్తదా బిడ్డా?” అన్నాడు.

“ఫికర్ చెయ్యకు చిన్నాయినా. ఇగ మన మాటలు ఏ ఒక్కని చేతిల ఉండయ్,” అన్నాను. ఆ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే కొట్టాలనిపిస్తుంది.

మీది వాడకొక సర్వరు, కింది వాడకొక సర్వరు పెట్టించాను. ఎప్పుడో పండగ డీజే దగ్గర తగువై ఆ రెండు వాడలకూ మాటలు బంద్. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, నా ఉత్సాహానికి గుర్తు రాలేదు. పాత గ్రూపులో ఒకరి మెసేజులు ఒకరు గుట్టుగా చదువుకునేవారు, చదివామని ఒప్పుకునేవారు కాదు, అంతే. నేను తెచ్చిన నెట్‌వర్క్‌లో అవతలి సర్వరుతో సంబంధం తెంచుకునే బటన్ ఒకటుంది. ఫోన్లో ఫొటో పంపడం రాని పెద్దలు కూడా ఆ బటన్‌ను ఒక్క పూటలో కనిపెట్టారు. సమ్మన్నది మీది వాడ, చిన్నాయినది కింది వాడ. యార్డు కబురు సగం ఊళ్ళోనే ఆగిపోయింది.

నేను వెనక్కి తగ్గే రకమా? అందరూ నా సర్వరులోకే రండి, బటన్ నా దగ్గరే ఉంటుందన్నాను. రెండు వాడలకూ కావలసినవాణ్ణి కాబట్టి వచ్చారు. కంపెనీ మీద యుద్ధానికి బయలుదేరి నేనే కంపెనీనయ్యానని ఆ సంబరంలో తట్టలేదు. నా కంపెనీ అంటే ఒక పాత కంప్యూటరు. నా గదిలో ఇంటర్నెట్ అందక, దాన్ని నేను అద్దెకుండే ఇంటి ఓనరమ్మ వంటింట్లో ఫ్రిజ్ పక్కన పెట్టాను.

ఒకరోజు పొద్దున్నే సమ్మన్న ఫోన్ చేశాడు. నిన్నటి నుంచి మెసేజు పోవడం లేదట, యార్డు బంద్ సంగతి ఎవరికీ తెలియదట. వంటింట్లోకి పరుగెత్తాను. నా ప్లగ్గు కింద వేలాడుతోంది, దాని చోట గ్రైండర్ ప్లగ్గు ఉంది.

“ఇడ్లీ పిండి రుబ్బాలె గద సార్,” అంది ఓనరమ్మ. “ఆ డబ్బా ఉత్తగనే గుయ్యిమంటాందని తీసిన.”

బండి మీద కేసముద్రం చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. మూసిన యార్డు గేటు ముందు ట్రాలీల్లో ఊరి పత్తంతా ఉంది. రెండు వాడల వాళ్ళూ కలిసి నన్నే తిడుతున్నారు. చిన్నాయిన ఒక్కడే తిట్టకుండా ట్రాలీ మీదికెక్కి పరదా కప్పుతున్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేనూ ఎక్కి రెండో కొస పట్టుకున్నాను. అంచుల్లో కొంత తడిసింది, మిగతాది దక్కింది.

అప్పుడు నా వైపు చూశాడు. “ఒక్కని చేతిల ఉండొద్దని, ఊరంతటిని తీస్కపొయ్యి మీ ఓనరమ్మ చేతిల వెట్టినవ్ గదరా,” అన్నాడు.

కాబట్టి తడిసిన పత్తి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఏ ఊరినీ విముక్తం చేయను. తప్పనిసరై చేయవలసి వస్తే, ఆ రోజు ఇడ్లీ ఉందో లేదో ముందు కనుక్కుంటాను.