కండక్టర్ గారి పీతల వేట

కండక్టర్ గారు రిటైరై ఏడాదైనా, ఆయన కుడి చెయ్యి మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఆదివారం పొద్దున్నే భార్యతో కలిసి ఉప్పుటేరు గట్టు మీద కూర్చుని, పురికొసకు కోడి మెడ కట్టి నీళ్ళలోకి వదులుతారు. నీలి పీత దాన్ని పట్టుకుంటే తాడు మెల్లగా బిగుస్తుంది. అప్పుడు దానికి అనుమానం రాకుండా అంగుళం అంగుళం లాగి, ఒడ్డుకు రాగానే కింద నుంచి వల పెట్టాలి. ఇదంతా ఆయనకు నోటికి వచ్చు. కానీ తాడు బిగియగానే చెయ్యి ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ, బస్సును కదలమని గంట తాడు లాగినట్టు, రెండుసార్లు టక్‌టక్‌మని గుంజుతుంది. పీత కూడా మాట విని కదిలిపోతుంది.

వేట మొదలుపెట్టిన నాలుగో ఆదివారం, వాళ్ళు బయల్దేరకముందే బావమరిది భోజనానికి వచ్చాడు. "ఇవాళ పీత లేకుండా వస్తే ఇక జన్మలో వేట మాట ఎత్తకూడదు బావా," అని పందెం కూడా వేశాడు. గట్టు మీద పది దాటేసరికి మూడు పీతలు పోయాయి. "ఆ తాడు ఇటివ్వండి. మీరు వల పట్టుకుంటే చాలు," అంది భార్య. ఆమె ఊలు చుట్టుకున్నంత నిదానంగా లాగింది. ఆయన ఊపిరి బిగబట్టి వల పెట్టారు. అరచేతికన్నా పెద్ద పీత! బకెట్లో వెయ్యబోతూ ఆమె దాన్ని తిరగేసి చూసింది. పొట్ట కింద గుడ్ల ముద్ద.

"ఏమండీ, గుడ్లతో ఉంది."

ఆయన పీతను చూశారు, ఖాళీ బకెట్‌ను చూశారు, వంగి నీళ్ళలో వదిలేశారు.

గుమ్మంలోనే బావమరిది బకెట్‌లోకి తొంగి చూశాడు. "ఒక్కటీ పడలేదా బావా?"

"ఒకటెక్కింది. నిండు గర్భిణి," అన్నారు కండక్టర్ గారు చెప్పులు విప్పుతూ. "దగ్గరుండి దించి వచ్చాం."