ఒకే బకెట్టులో కలిపిన మందు

మా తోట చూసే బాబాయికి ఇరవై ఏళ్ల అనుభవం ఉంది, అంతకు మించిన మొండితనం ఉంది. గులాబీలకు ఎముకల పొడి, మట్టిలో పురుగులకు గుళికల మందు విడివిడిగా వేయాలి. ఆయన రెండింటినీ ఒకే బకెట్టులో కలిపి, ఒకే విడతలో పాదులన్నీ ముగించేస్తాడు. అడిగితే, "రెండుసార్లు వంగడానికి నీ నడుమేమైనా ఇస్తావా అమ్మాయ్?" అంటాడు.

మా కుక్క దొర పేరుకే దొర. ఎముక వాసన తగిలితే వాడికి సిగ్గూ ఎగ్గూ ఉండవు. ఆ సంగతి బాబాయికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసే ఇద్దరమూ ఊరుకున్నాం. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఎక్కువగా నా మీదే.

ఆ ఉదయం బాబాయి పని ముగించి వెళ్లిన గంటకు చూస్తే, ఒక గులాబీ పాదు తవ్వేసి ఉంది. దొర గోడ పక్కన నిలబడి వణుకుతున్నాడు. నోటి నుంచి చొంగ కారిపోతోంది. పిలిస్తే నా వైపు రాబోయి పక్కకు ఒరిగిపోయాడు.

కారులో పడుకోబెట్టి పశువుల డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. ఆవిడ వాడి కనుపాపలు చూసి, "ఏ మందు తిన్నాడు? ఒక్కోదానికి ఒక్కో విరుగుడు. పేరు తెలియాలి," అంది. బాబాయికి ఫోన్ చేశాను.

"తెల్ల గుళికలమ్మా. ఘాటుగా ఉంటాయి."

"పేరు కావాలి బాబాయ్."

"డబ్బాలో పోసుకుని సంచి పారేశాను. వాసన చూస్తే నాకు తెలిసిపోతుంది కదా, ఇంక పేరెందుకని..."

ఫోన్ విసిరికొట్టాలనిపించింది. "దొర చచ్చిపోతాడు," అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

డాక్టరు ముందు సెలైన్ పెట్టింది. అంతలోనే వాడికి మూర్ఛ వచ్చింది. కాళ్లు కొట్టుకుంటుంటే నేను పట్టుకుని, దేవుణ్ణి మొక్కుతూ, బాబాయిని తిడుతూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు ఆయన రొప్పుతూ వచ్చాడు. మందుల కొట్టుకు పోయి, అదే మందు ఇంకో సంచి కొనుక్కొచ్చాడు. డాక్టరు సంచి మీద పేరు చదివి, వెంటనే విరుగుడు సూది వేసింది.

మధ్యాహ్నానికి వణుకు తగ్గింది. "గండం గడిచినట్టే," అంది డాక్టరు. దొర కళ్లు తెరిచి నన్ను చూశాడు, తర్వాత బాబాయిని చూశాడు. మెల్లగా మెడ చాచి, ఆయన చెయ్యి నాకబోయాడు. ఆ చేతికి ఇంకా ఎముకల పొడి అంటుకునే ఉంది.

బాబాయి చేతులు రెండూ వెనక్కి దాచుకుని గోడకు ఆనుకుపోయాడు. "వద్దురా నాయనా, ఇవి కడుక్కోలేదురా," అంటూ బావురుమన్నాడు.