తవుడు ఉండల బేరం

1937లో నన్ను ఏలూరు నుంచి కొల్లేటి లంక గ్రామాలకు బెరిబెరి సర్వే మీద పంపారు. మరబియ్యం తినేవారికి, తవుడులో ఉండే బి విటమిను అందక వచ్చే జబ్బు అది. గర్భిణులకైతే గుండె మీదికి వస్తుంది. నేను సబ్ అసిస్టెంట్ సర్జన్ని. నాతో వచ్చిన డాక్టరు సుగుణమ్మగారిదీ అదే హోదా, సర్వీసులో నాకంటే చిన్న. తాడేపల్లిగూడెంలో బియ్యం కొట్టువాళ్లింట పుట్టాను కనుక ఈ పనికి నన్ను మించినవాడు లేడనుకున్నాను.

మోకాటి చిప్ప కింద రబ్బరు సుత్తితో తడితే కాలు ఎగరాలి. పిక్క నొక్కితే నొప్పి ఉండకూడదు. గొంతుక్కూర్చున్న మనిషి చేతి ఊతం లేకుండా లేవాలి. ఇదీ పరీక్ష. మగ డాక్టరు చేత పిక్క నొక్కించుకునే గర్భిణి ఆ లంకల్లో ఎవరు? అందరూ సుగుణమ్మగారి గదిలోకే వెళ్లారు. ఆవిడ లోపలినుంచి చెప్పింది రాసుకుంటూ నేను అరుగు మీద గుమాస్తానయ్యాను. లోపల నవ్వులు వినబడినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

మర్నాడు పైడమ్మ అనే నిండు చూలాలి కాలు ఎగరలేదు. నాలుగడుగులకే ఆయాసం. కడుపుతో వచ్చే వాపేలెమ్మని ఇంటివాళ్లు ఊరుకున్నారు. మా దగ్గరున్న మందల్లా తవుడును బెల్లంతో కట్టిన ఉండలు. అత్తగారు ససేమిరా అంది.

"గేదెలకి పెట్టేది కోడలికి పెట్టమంటారేంటండీ? చుట్టాలు నవ్వరూ?"

సుగుణమ్మగారు ఎంత నచ్చజెప్పినా వినలేదు. ఆవిడ వల్ల కానిది ఒకటైనా ఉందని నాకు కాస్త ఊరట కలిగింది. పైడమ్మ నల్లబడ్డ పెదవులు చూశాక ఆ ఊరట నిలవలేదు. ఉండల డబ్బాకు మూత పెట్టేసి, ఎదురింటివాళ్లు తమ కోడలికి రెండు పూటలకూ అడుగుతున్నారనీ, వీళ్ల వంతు అక్కడ ఇచ్చేస్తాననీ అన్నాను. వాళ్లు ఏమీ అడగలేదు. అసూయ మనిషిని ఎలా కదిలిస్తుందో మాత్రం ముందురోజు నుంచీ నాకు స్వానుభవం.

"మా వంతు వాళ్లకెందుకండీ? ఇటు పెట్టండి," అంది అత్తగారు.

పూటకొకటే ఇస్తానన్నాను. ఆవిడ రెండంది. నా ఎదుట తింటేనే అన్నాను. బేరం కుదిరింది. కొన్నాళ్లకు ఆయాసం తగ్గింది, ఏలూరు ఆస్పత్రిలో కాన్పు సుఖంగా జరిగింది. అత్తగారు కొరమేను తెచ్చి నా చేతికిచ్చి, "డాక్టరమ్మగారికండి, జాగ్రత్తగా పట్టుకెళ్లండి," అంది.

విటమిను లోపాన్ని లెక్కకట్టే ముందు, రోగి ఎవరిని దగ్గరికి రానిస్తుందో తెలుసుకోవాలి. తరువాతి సర్వేలన్నిటికీ లేడీ డాక్టరును ఇమ్మని నేనే అడిగాను. ఆ కొల్లేటి సర్వే రిపోర్టులో సుగుణమ్మగారి పేరు నా పేరుకు పైన ఉంది. అలా ఉండటమే న్యాయం. నాకు ఇప్పటికీ నచ్చదు.