కిటికీ మూస్తే పోయే నెట్

ఈ రోజు మంగళవారం. రేపు ఉదయం మా మనవరాలు శిరీషకు ఉద్యోగానికి ఇంటర్వ్యూ, కంప్యూటర్లోనే. ఫోన్లో కుదరదట. అందుకే ఓపిక లేకపోయినా మీ సలహా కోసం ఈ గ్రూపులో ఇప్పుడే రాస్తున్నాను.

పొద్దుటి నుంచి కంప్యూటర్లో నెట్ వస్తూ పోతూ ఉంది. హాల్లోని రౌటర్ ఆపి మళ్లీ వేశాం. కంపెనీకి ఫోన్ చేస్తే తమ వైపు అంతా బాగుందన్నారు. ఫోన్లలో వైఫై బాగానే వస్తోంది. మా పాత కంప్యూటర్‌కు వైఫై లేదు, తీగే ఆధారం. ఆ తీగ హాల్లోని రౌటర్ నుంచి బాల్కనీ మీదుగా కిటికీ సందులోంచి గదిలోకి వస్తుంది.

మాది పోర్టు పక్క కాలనీ. కిటికీ బిగించకపోతే బల్లల మీద పోర్టు బొగ్గు నల్లపొడి పేరుకుంటుంది. మూడోసారి తుడిచి కిటికీ మూస్తుంటే శిరీష అరిచింది.

“మామ్మా, ఆగు! నువ్వు కిటికీ ఎయ్యగానే నెట్ పోతంది. తీగ నలిగిపోతంది, సూడు.”

“మరి తీసుంచితే ఆ పొడి ఎవలు తుడుత్తారే? నువ్వా?”

“ఉద్యోగమొస్తే నానే తుడుత్తాను. రాకపోతే ఎలాగూ ఇంట్లోనే కూకుంటాను, అప్పుడూ నానే తుడుత్తాను.”

కిటికీ తీశాను, నెట్ నిలబడింది. కాసేపటికే బల్ల మీద వేలు పెడితే నల్లబడింది. పిల్ల ఇంటర్వ్యూకి సాధన చేసుకుంటోందని తుడవకుండా ఊరుకున్నాను. మీ ఇళ్లలో తీగ ఎటు నుంచి తెచ్చుకున్నారో చెప్పండి.

ఇక జరగాల్సినవి:

1. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆ కిటికీ ఎవరూ ముట్టుకోకూడదు. నేను కూడా.
2. తర్వాత గోడకు కన్నం పెట్టించి కొత్త తీగ వేయించాలి.
3. ఉద్యోగం వచ్చినా రాకపోయినా బల్ల తుడిచేది శిరీషే. మాట ఇచ్చింది తనే.