ప్యాంట్ల స్నానానికి వచ్చిన ట్యాంకరు

వరుసగా మూడేళ్ళు వేరుశనగ పంట చేతికి రాలేదు. నాలుగో ఏడు నాయన నన్ను సోమందేపల్లె దగ్గర జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డులో చేర్పించాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నాకు పెళ్ళి కాలేదింకా.

"సేనుకైతే వాన కావల్ల. కుట్టు మిషనుకు వానతో పనేముండాదమ్మా," అన్నాడు.

అదెంత పెద్ద పొరపాటో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఓనరు భూములున్న ఇంటి మనిషి. ఎన్నికలప్పుడు చెరువులు నింపుతామని మైకులో చెప్పేవాడు, మిగతా రోజుల్లో ప్యాంట్లు కుట్టించేవాడు. నలభై మంది ఆడవాళ్ళం కుట్టిన ప్యాంట్లను వెనక గదిలో ఉతికి ఉతికి రంగు వెలిసేలా చేసేవారు. పట్నం పిల్లలకు కొత్త ప్యాంటు పాతదిగా కనబడాలట. మా ఇంట్లో అందరి బట్టలూ ఆ ఫ్యాషన్‌లోనే ఉండేవి. కొనడానికి మాత్రం ఎవరూ రాలేదు.

రెండో వేసవికి షెడ్డు బోరు ఎండిపోయింది. అప్పటినుంచి ఉతకడానికి రోజూ ట్యాంకరు వచ్చేది. మా వీధికి నాలుగు రోజులకొకసారి వచ్చేది. ప్యాంట్లు రోజూ స్నానం చేస్తుంటే మేము తలంటు మానుకున్నాం. నల్లమాడ నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన ఒక అక్క నా పక్క మిషను మీద కుట్టేది. ఒకరోజు ఆమె ఇంటినుంచి బిందె తెచ్చి ట్యాంకరు గొట్టం కింద పెట్టింది. ఓనరు పరుగున వచ్చాడు.

"ఏమ్మా, అవి ప్యాంట్లకు తెప్పించిన నీళ్ళు."

"మాకు నీళ్ళియ్యకుంటే, ఆ ప్యాంట్లనే మిషను తొక్కమని చెప్పన్నా," అంది అక్క.

మేమందరం లేచి ఆమె వెనక నిలబడ్డాం. అరగంటకు మనిషికొక బిందె ఒప్పుకున్నాడు. ఆ వారమే ఊరి సభలో, మహిళలకు ఉచితంగా మంచినీళ్ళు పంచుతున్నానని దండ వేయించుకున్నాడు.

తరువాతి వేసవి ఇంకా ఘోరం. రేకుల కప్పు కింద మిషను మీద చెయ్యి పెడితే చుర్రుమనేది. రోజుకొకరు కళ్ళు తిరిగి పడిపోయేవారు. ఓనరు ఉల్లిగడ్డ చితక్కొట్టి వాసన చూపించి మళ్ళీ కూర్చోబెట్టేవాడు.

"పొద్దున్నే ఐదింటికి వచ్చి, ఎండెక్కే లోపల పోతామన్నా," అని అడిగాను.

"సరుకు కొనే బెంగళూరోళ్ళు ఒప్పుకోరు. ఇంటికాడ సరిగ్గా తినకుండా వచ్చి ఎండను అంటే ఎట్లమ్మా?"

మే నెలలో ఆ బెంగళూరాయనే వచ్చాడు, సరుకు ఎందుకు ఆలస్యమవుతోందో చూడ్డానికి. కోటు, మెడకు టై. నడిమధ్యాహ్నం మా వరుసల మధ్య తిరుగుతూ, చేతులు ఇంత మెల్లగా ఆడుతున్నాయేమని ఓనరును నిలదీశాడు. జవాబు వినే లోపల తనే కళ్ళు తిరిగి, అక్క మిషను పట్టుకొని, ప్యాంట్ల కుప్ప మీదికి మెత్తగా జారిపోయాడు. అక్క లేచి వెళ్ళి ఉల్లిగడ్డ తెచ్చింది.

మరుసటి రోజునుంచి పని పొద్దున ఐదు నుంచి పదకొండు వరకు. వేసవంతా మేము పడిపోయినా మారని వేళలు, ఆయనొక్కడు పడితే మారాయి.

"పాపం, ముందే వచ్చి పడింటే బాగుండు," అంది అక్క. నవ్వలేదు.

ఆ ఏడు ఎవరూ అనుకోనంత వాన పడింది. మరునాడు షెడ్డుకు ఆరుగురే పోయారు. మిగిలిన మేమందరం చేలల్లో విత్తుతున్నాం. ఓనరు జీపులో మా గట్టు దాకా వచ్చి నాయన ముందు నిలబడ్డాడు.

"వాన పడకుంటే నీళ్ళుండవు, పడితే మనుషులుండరు. నేనెట్ల బతకల్లప్పా?"

నాయన నిజంగానే జాలిపడ్డాడు. "మేమూ అదే అడుగుతాండామప్పా, ఇన్నేండ్లుగా," అన్నాడు.

తరువాత వేరుశనగ ఊడలు కాయ కట్టడానికి మట్టిలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. పొట్టు తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ షెడ్డుకు పోతే తాళం కనబడింది. మిషన్లను బెంగళూరు వైపు తీసుకుపోయారట. అక్క వాటి వెంటే పోయి అక్కడొక ఫ్యాక్టరీలో చేరింది. నన్నూ రమ్మంది. నాయనను వదిలి పోబుద్ధి కాలేదు. ఇంటి వసారాలో పాత మిషనొకటి పెట్టుకొని రవికెలు కుట్టడం మొదలుపెట్టాను.