పైన్ తోపులో పగిలిన కప్పులు

లువీనియా కేపర్స్ బడికి వెళ్ళింది నాలుగేళ్ళే. వలలు అల్లడం తండ్రి దగ్గర నేర్చుకుంది. నేల గుట్టు పట్టడం మాత్రం ఎవరూ నేర్పలేదు. సౌత్ కరొలైనా తీరంలోని ఆ దీవిలో ఆనవాలు చెరిగిన సమాధులు వెతకాలంటే అందరూ ఆమె ఇంటికే వస్తారు. ఆమె పనిముట్టు ఒక్కటే, నిలువెత్తు ఇనుప ఊచ.

1987 మార్చిలో ఒక శుక్రవారం. తెల్లవాళ్ళ పాత చర్చి వెనక పైన్ తోపులో సమాధులు లేవని సర్వేయర్ హాల్డేన్ పన్నెండు గంటలకు సంతకం పెట్టబోతున్నాడు. పెడితే సోమవారం రోడ్డు యంత్రాలు దిగుతాయి. లువీనియా ముత్తవ్వ డెలియాను ఆ తోపులోనే పూడ్చారని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఆమెకు బాప్తిస్మం ఇచ్చినట్టు చర్చి పుస్తకంలో రాశారు, ఎవరి బానిసో రాశారు. ఎక్కడ పూడ్చారో రాయలేదు. మూడు నెలలు ఆ పుస్తకాలు తిరగేసి ఈ సంగతి బయటికి తీసింది ఒర్లీనా, ఒహాయో నుంచి వచ్చిన నల్లజాతి పరిశోధకురాలు.

పదిన్నరకు లువీనియా వచ్చేసరికి తోపంతా శుభ్రంగా ఉంది. ఒక్క కప్పూ కనబడలేదు.

"ఇక్కడి కప్పులేవి?"

"పగిలిన చెత్తేగా లువీనియమ్మా! సర్వేయర్ ముందు బాగుండదని పొద్దున్నే ఏరేశాను." ఒర్లీనా బకెట్ చూపించింది.

"ఎంత పని చేశావే తల్లీ! అవి పోయినవాళ్ళు చివరిసారి తాగిన కప్పులు. పగలగొట్టి సమాధి మీద బోర్లిస్తాం, ఆ ఇంట్లో ఇంకో చావు రాకూడదని. మాకు రాళ్ళెక్కడివి? అవే మా రాళ్ళు."

హాల్డేన్ నవ్వాడు. "ఎవరో పిక్నిక్‌కి వచ్చి పారేసుంటారు పెద్దమ్మా. గంటన్నర ఉంది, కానియ్."

లువీనియా మోకాళ్ళ మీద కూర్చుని ఎండాకులు వేళ్ళతో మెల్లగా తొలగించింది. వందేళ్ళు కదలని కప్పు నేలలో తన అంచు వదిలిపోతుంది. పదకొండున్నరకు ఒక గుండ్రటి గాడి దొరికింది. బకెట్‌లోంచి ఒక్కో కప్పూ పెట్టి చూసింది. ఐదోది సరిగ్గా కూర్చుంది. తల పడమరకు పెట్టి పూడుస్తారు కాబట్టి అక్కణ్ణుంచి తూర్పుకు ఊచ దింపుతూ పోయింది. ఆరడుగుల దూరం వరకూ తవ్వి పూడ్చిన నేలలా మెత్తన. అది దాటితే గట్టి.

"మెత్తగా ఉంటే సమాధేనా? ఎలుక బొరియ కావచ్చుగా!" అన్నాడు హాల్డేన్.

ఆమె ఊచ అతని చేతికిచ్చింది. "నువ్వే దింపు నాయనా."

కాస్త ఎడంగా గుచ్చితే జానెడు దిగి ఆగింది. గాడి పక్క గుచ్చితే అతని పిడికిలి నేలకు తగిలేదాకా పోయింది. అతను ఊచ వదల్లేదు. పన్నెండు దాటింది. సంతకం పెట్టని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇలాంటివి ఎన్నుంటాయి?"

లువీనియా తల తిప్పకుండానే బకెట్ దగ్గరికి జరుపుకుంది. "కప్పులన్నీ పెట్టాక చెప్తాను. నువ్వూ కూర్చో ఒర్లీనా, చేతులు ఖాళీగానే ఉన్నాయిగా."