ఒక్క ఫ్లాపీలో పదిహేడు ఫైళ్ళు

దేవుడు నాకు చేసిన మేళ్ళకు లెక్క లేదు. నేను ఆయనకు తెచ్చిన తలవంపు మాత్రం ఒక్కటే, కానీ అది వందకు సమానం. పైగా దాన్ని నిండు సభలో, మైకు ముందు, ఇస్త్రీ చీర కట్టుకుని మరీ తెచ్చాను. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. నేను పళ్ళు కొరుక్కుంటూ చెబుతాను.

ఫ్లాపీలు ఇంకా చావని, పెన్‌డ్రైవులు ఇంకా మా వీధిదాకా రాని రోజులవి. తెనాలిలో మా ఇంట్లో మనుషులం ముగ్గురం, కంప్యూటరు ఒకటి. మా ఆయన ప్రసాదు, మా అత్తయ్య కరుణమ్మగారు, నేను. కంప్యూటరు వేయగానే మూడు పేర్లు, పక్కన మూడు బొమ్మలు కనబడేవి. ఆయనకు బంతి, అత్తయ్యకు పసుపు బాతు, నాకు పువ్వు. ఎవరి పేరు మీద నొక్కితే వాళ్ళ గది తెరుచుకునేది.

అసలు ఆస్తి బాతు గదిలోదే. అత్తయ్య ఇరవై ఏళ్ళు పల్లెబళ్ళలో టీచరుగా పనిచేశారు. చుండూరులో నాట్లు వేసేవాళ్ళ పాటలు, కొల్లిపరలో కలుపు తీసేవాళ్ళ పాటలు, సూర్యలంకలో వల లాగేవాళ్ళ పాటలు ఎక్కడ చెవిన పడితే అక్కడ చీటీల మీద, బస్సు టిక్కెట్ల వెనక రాసుకున్నారు. పాడినవాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు. ఆ చీటీలన్నీ రెండేళ్ళు కూర్చుని నేను టైపు చేశాను. టైపు చేసిన చీటీని ఏం చేశానంటారా? ఇక దీంతో పనేముందని నీళ్ళకాగు కింద పెట్టాను. మా అత్తయ్య ఇరవై ఏళ్ళ కష్టంతో మేము రెండేళ్ళు వేడినీళ్ళు పోసుకున్నాం. అంటే ఆ పాటలకు భూమ్మీద ఆ పాత కంప్యూటరు తప్ప వేరే దిక్కు లేదన్నమాట. ఈ ముక్క గుర్తుంచుకోండి.

బాపట్లలో ప్రెస్సు నడిపే కరీముల్లాగారు వాటిని పుస్తకంగా వేస్తానన్నారు. సోమవారం తెచ్చివ్వమన్నారు. సరిగ్గా దానికి రెండు రోజుల ముందు, శనివారం పొద్దున, మా ఇంటికి కొత్త కంప్యూటరు వచ్చింది.

"కృపా, పాతదాంట్లోవి కొత్తదాంట్లోకి ఎక్కించాలి. నువ్వు ముట్టుకోకు. సోమవారం నేను చూస్తా," అన్నాడు మా ఆయన.

"నేనెందుకు ముట్టుకోకూడదు?"

"అది కాలేజీలో నేర్చుకునే పని. ఇంట్లో కూర్చుని నేర్చుకునేది కాదు."

అనవలసినవాడు అననే అన్నాడు. రేపల్లెలో చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడికి పంపితే తిరిగి వస్తానో రానోనని మా నాన్న వసారాలో చాప వేసి, పలక దగ్గర్నుంచి పదో తరగతి దాకా తనే చెప్పారు. ఆ చాప మీద నాకు రానిదంటూ లేదని నా నమ్మకం. "ఇంట్లో కూర్చుని" అన్న మాట వినబడితే ఇప్పటికీ నా చెవులు ఎర్రబడతాయి. ఆయన అలా వీధి మలుపు తిరిగాడో లేదో, నేను కుర్చీ లాక్కున్నాను.

అంతకుముందే, కొత్తది బిగించడానికి వచ్చిన షాపు ఆయన్ని ఒక మాట అడిగాను.

"పాతవన్నీ మేమే మార్చుకోవచ్చాండి?"

"ఏముందమ్మా, కాపీ కొట్టడమేగా," అన్నాడు వైర్లు చుట్టుకుంటూ.

కాపీ కొట్టడమేగా. ఆ మాట అన్న మనిషిని నేను ప్రార్థనలో క్షమించాను. ప్రార్థన బయట ఇంకా క్షమించలేదు.

ముందు కొత్తదాంట్లో మూడు పేర్లు రాశాను. అవే పేర్లు, అవే బొమ్మలు. బాతు కోసం పావుగంట వెతికాను. మన ఇళ్ళల్లో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కిస్తాం కదా, ఇదీ అంతే అనుకున్నాను. గిన్నె మీద పేరు చెక్కించినంత మాత్రాన అందులోకి కూర నడిచిరాదని పొయ్యి దగ్గర నాకు బాగా తెలుసు. కంప్యూటరు దగ్గర తెలియలేదు.

తర్వాత పాతదాని తెర మీదున్న బొమ్మల్ని లెక్కపెట్టాను. అత్తయ్య పాటలవి పన్నెండు, మా ఆయన ఆఫీసువి నాలుగు, నాది ఒక్కటి. నా ఒక్కదాని పేరు 'నా మనవులు'. దాని సంగతి తర్వాత. ఇన్ని ఫైళ్ళు కదా అని పది ఫ్లాపీలు తెప్పించి పెట్టుకున్నాను. మొదటి ఫ్లాపీ పెట్టి ఒక్కొక్క బొమ్మనే పట్టుకుని అందులోకి లాగాను. ఒకటి పోయింది. ఐదు పోయాయి. పది పోయాయి. పదిహేడూ పోయాయి. ఫ్లాపీలో ఇంకా బోలెడు చోటు మిగిలింది.

చదువుకున్నవాళ్ళెవరైనా అక్కడ ఆగి అనుమానపడతారు. నేను మోకాళ్ళూనాను. ఐదు రొట్టెలు, రెండు చేపలతో అయిదువేల మందికి పెట్టి పన్నెండు గంపలు మిగిల్చిన ప్రభువు, నా కోసం ఒక్క ఫ్లాపీలో రెండేళ్ళ పని పట్టించి తొమ్మిది ఫ్లాపీలు మిగిల్చాడు. కళ్ళ వెంబడి నీళ్ళు కారాయి.

కొత్తదాంట్లో ఎవరి గదిలో వాళ్ళ బొమ్మలు సర్దాను. అత్తయ్య వచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని చూశారు.

"అచ్చం పాతదానిలాగే ఉందే. తెరిచి చూశావా?"

"బాతు కూడా అదేనండి అత్తయ్యా, చూడండి."

"బాతు సంగతి కాదే నేనడిగింది."

"ప్రార్థన వేళయిందండి. రేపెలాగూ ఆదివారం."

ఆదివారం మా ఇంట్లో కంప్యూటరు వేయం. అలా ఆ ప్రశ్న గాలిలోనే ఉండిపోయింది. దాన్ని గాలికి వదిలింది నేనే కాబట్టి ఎవర్నీ తిట్టుకోవడానికి లేదు. అదే నా కడుపుమంట.

ఇంకో ఘనకార్యం కూడా చేశాను. పాత కంప్యూటరును మా ఆడపడుచు భర్త శామ్యూల్ అన్నయ్యగారికి ఇస్తామని ముందే అనుకున్నాం. రేపల్లెలో పిల్లలకు ట్యూషన్లు చెబుతారాయన. ఒకరికిచ్చే గిన్నె తోమి ఇవ్వాలి కదా. అందుకని పాతదాని తెర మీది బొమ్మలన్నీ తుడిచేశాను. చెత్తబుట్ట కూడా వంచి పారబోశాను. అత్తయ్య పేరు కొట్టేసి శామ్యూల్ అని రాశాను. తెర అద్దంలా మెరిసింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో తెరిచైనా చూడకుండా రచ్చకెక్కాను. ఆదివారం ఆరాధనయ్యాక స్త్రీల కూడికలో, "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నారు. నేను లేచాను. అణకువగా మొదలుపెట్టి అద్భుతం దగ్గర గొంతు పెంచాను. అందరూ స్తోత్రమన్నారు, ముందు వరసలో కూర్చున్న రాహేలు పిన్నిగారు తప్ప.

"మా పిల్లోడు ఒక్క ఫ్లాపీలో పెద్ద ఫోటో ఒకటి కూడా పట్టదన్నాడే అమ్మాయ్," అందావిడ.

"విశ్వాసం ఉండాలి పిన్నిగారూ," అన్నాను.

మైకులోనే అన్నాను. ఆ మాట కోసం నన్ను నేను తిట్టుకోని ఆదివారం లేదు.

ఆ మధ్యాహ్నమే శామ్యూల్ అన్నయ్యగారు వచ్చి, గిన్నె తోమే ఇస్తున్నానని నేనంటే నవ్వి, పాతదాన్ని దుప్పట్లో చుట్టుకుని రేపల్లె రైలెక్కారు. సోమవారం పొద్దున మా ఆయన కొత్తదాన్ని వేసి, బొమ్మలు చూసి, "ఫర్వాలేదే, చేసేశావే," అని ఆఫీసుకు పోయాడు. కాలేజీలో నేర్చుకున్న చదువు కూడా బొమ్మ దగ్గరే ఆగిందని మనవి. అత్తయ్యా నేనూ ప్యాసింజరు పట్టుకుని బాపట్ల వెళ్ళాం. దారి పొడుగునా ఫ్లాపీని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నాను.

కరీముల్లాగారు మర్యాదగా కుర్చీలు వేసి, టీ చెప్పి, ఫ్లాపీ పెట్టారు. మొదటి బొమ్మ మీద నొక్కారు. తెర మీద ఒక చిన్న టార్చిలైటు వచ్చి అటూ ఇటూ తిరిగింది. చీకట్లో చెప్పులు పోగొట్టుకున్నవాడిలా వెతికి వెతికి ఊరుకుంది.

"ఏం వెతుకుతోందండి?" అన్నారు అత్తయ్య.

"పాటల్నేనమ్మా." ఆయన రెండోది నొక్కారు. మళ్ళీ టార్చిలైటు. మూడోది. పన్నెండూ అయ్యాక కుర్చీ మా వైపు తిప్పారు. "అమ్మగారూ, ఇందులో పాటల్లేవండి. పాటలుండే చోటికి దారి చూపించే చీటీలున్నాయి. ఆ చోటేమో మీ ఇంట్లో మిషన్లో ఉంది."

"అంటే?"

"మీరు ఇల్లు మారుతూ సామాను అక్కడే వదిలేసి, పాతింటి అడ్రసు రాసున్న కాగితం భద్రంగా తెచ్చుకున్నారండి."

టీ వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. మా అత్తయ్యకు కోపం వస్తే గొంతు లేస్తుంది, అది ఊరికంతా తెలుసు. ఆవేళ లేవలేదు.

"మరి పాత మిషన్లో ఉండాలి కదే."

"తోమేశానండి."

"ఏంటీ?"

"అన్నయ్యగారికి ఇస్తున్నాం కదాని, శుభ్రంగా తుడిచేశానండి. చెత్తబుట్టతో సహా."

"చీటీలు?"

నీళ్ళకాగు సంగతి ఆవిడకు తెలుసు. అయినా నా నోటితో చెప్పించారు. చెప్పాను. కరీముల్లాగారు తలవంచుకుని ఏదో కాగితం సర్దుకున్నారు.

వీధిలో ఎస్‌టీడీ బూత్ నుంచి శామ్యూల్ అన్నయ్యగారికి ఫోను చేశాను. "అన్నయ్యగారూ, దాన్ని ముట్టుకోకండి," అన్నాను. "ఇప్పుడే వేశా చెల్లెమ్మా, పిల్లలందరూ చుట్టూ చేరి..." అంటుండగా లైను తెగింది. మళ్ళీ కలవలేదు.

రేపల్లె బస్సు ఎక్కాం. చెరుకుపల్లి దాకా అత్తయ్య కిటికీలోంచి చూస్తూ ఉన్నారు. పొలాల్లో నాట్లు పడుతున్నాయి. ఆడవాళ్ళు వంగి వరసగా నడుస్తున్నారు. ఆవిడ ఒక్క మాటే అన్నారు.

"కొల్లిపర సాలమ్మ ఆ వానపాట మూడు రోజులు బతిమాలించుకుని పాడింది. నెల తిరక్కుండా పోయింది. దాని పిల్లలకు కూడా రాదు ఆ పాట."

తిట్టినా బాగుండేది. నా మీద నాకే వచ్చిన కోపంతో బస్సు ముందుసీటు కడ్డీని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, దిగేసరికి అరచెయ్యి తుప్పుతో ఎర్రబడింది.

శామ్యూల్ అన్నయ్యగారు గుమ్మంలోనే ఎదురయ్యారు. మొహం అదోలా ఉంది.

"రండి అత్తయ్యగారూ. ఏం చెల్లెమ్మా, గిన్నె తోమి ఇచ్చానన్నావు?"

"తోమానండి అన్నయ్యగారూ. అదే కదా నా ఖర్మ."

"పైన మూత తోమావమ్మా. లోపల పాత కూరంతా అలాగే ఉంది."

లోపలికి పరుగెత్తాం. ఆయన ఏవేవో నొక్కి, నేను టైపు చేసినవన్నీ చేరే, నేనెప్పుడూ తొంగిచూడని ఒక అరను తెరిచారు. చుండూరు, కొల్లిపర, సూర్యలంక. పన్నెండు ఫైళ్ళూ పెట్టినవి పెట్టినట్టున్నాయి. నేను తుడిచింది కూడా ఆ దారి చీటీల్నేనట. ఏ తెలివితక్కువతనంతో పాటలు తేలేకపోయానో, అదే తెలివితక్కువతనంతో వాటిని చెరపనూ లేకపోయాను.

అత్తయ్య వానపాట తెరిపించి, మొదటి చరణం నుంచి చివరిదాకా పెదవులు కదుపుతూ చదువుకున్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "స్తోత్రం తండ్రీ," అన్నాను.

"నువ్వు ఆగు," అన్నారావిడ. "ఇదేంటి బాబూ, ఈ పదమూడోది?"

"అదేదో చెల్లెమ్మ మనవులండి," అన్నారు అన్నయ్యగారు. మొహం అదోలా ఎందుకుందో నాకప్పుడు అర్థమయింది.

రోజూ దేవుడికి చెప్పుకునేవి అందులో రాసుకునేదాన్ని. ఆపేలోపే ఆవిడ తెరిచేశారు. పైకే చదివారు.

"ఒకటి. అత్తయ్యగారి కోపం చల్లార్చు తండ్రీ. రెండు. నిన్న చల్లార్చినందుకు వందనాలు, కానీ ఇవాళ మళ్ళీ వచ్చింది. మూడు. కూరలో ఉప్పు సరిపోయిందని అత్తయ్యగారు ఒక్కసారైనా అనేట్టు చెయ్యి ప్రభువా." అక్కడాగి నా వైపు చూశారు. "మొత్తం పద్నాలుగు. అందులో పదకొండు నా మీదే. మిగతా ప్రపంచానికి మూడే మిగిల్చావేంటే?"

నేల చీలలేదు. రేపల్లె నేల మెత్తగానే ఉంటుంది, అయినా చీలలేదు.

"మూడోది మాత్రం జరగదు. నీకు ఉప్పు వెయ్యడం రాదు," అని అత్తయ్య లేచారు. "వచ్చే ఆదివారం ఆ మైకు ముందే నిలబడి మళ్ళీ సాక్ష్యం చెప్పు."

"అద్భుతం జరగలేదని చెప్పాలాండి?"

"ఎందుకు జరగలేదూ? తేవడమూ చేతకాని, పారెయ్యడమూ చేతకాని మనిషిని ఏరికోరి మా ఇంటికి కోడలిగా పంపాడు. లేకపోతే నా పాటలుండేవా? అదే చెప్పు."

అదే చెప్పాను. ఈసారి రాహేలు పిన్నిగారు అందరికంటే ముందు స్తోత్రమన్నారు, అదీ మూడుసార్లు.

కాబట్టి చదువరులారా, పుస్తకం అచ్చయి బీరువాలో ఉంది, దేవుడికి వందనాలు. వానపాట నలభై మూడో పేజీలో ఉంది. ఆ బీరువా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మూత తీసి చూడనిదే ఏ గిన్నెకూ స్తోత్రం చెప్పను. కాగితాన్ని కాగు కింద పెట్టను. విశ్వాసం గురించి మైకులో పెద్దవాళ్ళకు బోధించను. ముఖ్యంగా, మా అత్తయ్య మీద మనవులు ఇక ఏ మిషన్లోనూ రాయను. మోకాళ్ళ మీద, కళ్ళు మూసుకుని, పెదవి కదపకుండా చెప్పుకుంటాను. అక్కణ్ణుంచి వాటిని కాపీ కొట్టడం ఎవరి వల్లా కాదు.